ముప్పై ఏళ్ల తర్వాత కూడా తెరుచుకునే డిస్క్ ఏది?

తిరుమల ఆలయంలో సంకీర్తన భాండాగారం అనే చిన్న గది ఉంది. తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలను, ఆయన వంశంలో తర్వాతి తరాల రచనలను రాగిరేకుల మీద చెక్కించి భద్రపరచిన చోటు అది. అన్నమయ్య 1503లో కన్నుమూశారు. ఆ రేకులు మళ్లీ పండితుల చేతికి వచ్చింది 1920లలో. మధ్యలో నాలుగు వందల ఏళ్లు. అంతకాలమూ వాటికి కరెంటు అక్కర్లేదు, అప్‌డేట్లు అక్కర్లేదు, పాస్‌వర్డ్ అంతకన్నా అక్కర్లేదు. బయటికి తీసి చూస్తే అక్షరాలు చదవడానికి వీలుగానే ఉన్నాయి.

అయితే అన్నమయ్య ముప్పై రెండు వేల సంకీర్తనలు రాశారని ప్రతీతి. దొరికినవి అందులో సగం కూడా లేవు. దొరికినవాటికీ రాగం పేరు ఉంది గానీ, ఆ రాగంలో ఏ వరుసలో పాడేవారన్నది రేకు మీద లేదు. అది ఒకరి నోటి నుంచి ఇంకొకరి చెవికి అందాల్సిన విషయం, ఆ అందడం ఎక్కడో ఆగిపోయింది. ఈరోజు వింటున్న వరుసలు చాలావరకు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మొదలుకొని ఇరవయ్యో శతాబ్దపు విద్వాంసులు కొత్తగా కట్టినవే. రాగి తన పని తాను చేసింది. దాన్ని పాటగా మార్చే పద్ధతి మాత్రం మిగల్లేదు.

పెళ్లి వీడియోలు, పిల్లల ఫొటోలు, పొలం కాగితాల స్కాన్లు, రాసుకున్న పుస్తకాలు ఎందులో దాచాలి అని ఎవరైనా అడిగితే, ఆ ప్రశ్న దాదాపుగా ఎప్పుడూ ఒకే రూపంలో వస్తుంది: ఏది ఎక్కువ కాలం ఉంటుంది? దానికి సమాధానాలు డబ్బా మీదే అచ్చువేసి ఉంటాయి. ఇది ముప్పై ఏళ్లు, అది వందేళ్లు, ఇంకోటి వెయ్యేళ్లు. ఆ అంకెలు అబద్ధాలని కాదు. కానీ అవి చెప్పేది పదార్థం వయసు మాత్రమే. దాన్ని చదివే యంత్రం వయసు, ఆ యంత్రాన్ని పట్టించుకునే కంప్యూటర్ వయసు, ఫైలును తెరిచే సాఫ్ట్‌వేర్ వయసు వేరు. వీటన్నిట్లో ఏది ముందు పోతే డేటా వయసు అంతే. కాబట్టి దేన్ని కొన్నా, ఎన్నేళ్లకు తీసి కొత్తదానిలోకి ఎక్కించాలో కొనే రోజే అనుకోవాలి.

ఎండ, చెమ్మ, పెన్‌డ్రైవ్

ముందుగా పెన్‌డ్రైవ్ సంగతి, ఎందుకంటే ఇప్పుడు పెళ్లి వీడియోను స్టూడియోవాళ్లు ఇస్తున్నది ఎక్కువగా అందులోనే. అందమైన చెక్కపెట్టె, లోపల వెల్వెట్ గుడ్డ, దాని మీద పెన్‌డ్రైవ్. చాలా ఇళ్లలో అది అలాగే బీరువాలోకి వెళ్లి, ఏ పదో పెళ్లిరోజుకో బయటికి వస్తుంది. పెన్‌డ్రైవ్ లోపల ఉండే ఫ్లాష్ మెమరీకి ఇంతకన్నా పడని పని లేదు.

పెన్‌డ్రైవ్, మెమరీ కార్డ్, కొత్త ల్యాప్‌టాప్‌లలో హార్డ్‌డిస్క్ బదులు వచ్చే ఎస్ఎస్‌డీ మూడూ లోపల ఒకే సూత్రం మీద నడుస్తాయి. సూక్ష్మమైన గదుల్లో ఎలక్ట్రాన్లను బంధించి, ఎంత విద్యుదావేశం ఉందో కొలిచి, దాన్నే అంకెగా చదువుతారు. ఒకప్పుడు ఒక గదిలో ఒక బిట్ మాత్రమే ఉండేది, అంటే ఉందా లేదా అన్న రెండు స్థాయిలు. చవగ్గా ఎక్కువ పట్టించాలని అదే గదిలో మూడు బిట్లు పెట్టారు, ఎనిమిది స్థాయిలయ్యాయి. నాలుగు పెడితే పదహారు. స్థాయికీ స్థాయికీ మధ్య ఎడం తగ్గేకొద్దీ, కొంచెం ఎలక్ట్రాన్లు కారిపోయినా లెక్క తప్పుతుంది. కారడం సహజం. వేడి పెరిగితే ఇంకా వేగంగా కారతాయి.

సెమీకండక్టర్ పరిశ్రమ ప్రమాణాల సంస్థ జెడెక్ ఎస్ఎస్‌డీలకు పెట్టుకున్న కొలమానం చూస్తే విషయం అర్థమవుతుంది. మామూలు వినియోగదారుల ఎస్ఎస్‌డీ తన రాతల పరిమితిని, అంటే మొత్తం మీద ఎంత డేటా రాయవచ్చన్న హద్దును, పూర్తిగా వాడేసిన స్థితిలో, కరెంటు లేకుండా, 30 డిగ్రీల దగ్గర ఒక ఏడాది పాటు డేటాను నిలుపుకోవాలి. సర్వర్లలో వాడేదైతే 40 డిగ్రీల దగ్గర మూడు నెలలు చాలు. ఇది అరిగిపోయిన డ్రైవ్‌కు పెట్టిన కనీస హద్దు, కొత్తది అంతకంటే చాలా ఎక్కువ కాలమే నిలుస్తుంది. ఆ 30 డిగ్రీలు మాత్రం గమనించాల్సిన అంకె. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెలలో డాబా కింద గదిలో ఉన్న ఇనుప బీరువా లోపల ఎంత వేడి ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

పెన్‌డ్రైవ్‌తో ఇంకో చిక్కు. లోపల ఏ రకం చిప్ వేశారో డబ్బా మీద రాయరు. ఆన్‌లైన్‌లో అయిదారొందలకు దొరికే 2 టెరాబైట్ల పెన్‌డ్రైవ్‌లైతే శుద్ధ మోసం. లోపల 32 గిగాబైట్లో 64 గిగాబైట్లో ఉంటుంది. కంప్యూటర్‌కు మాత్రం 2 టీబీ అని చెప్పేలా మార్చి అమ్ముతారు. నిండాక కొత్త ఫైళ్లు పాతవాటి మీదే రాసుకుంటూ పోతాయి. పేర్లన్నీ కనిపిస్తాయి, తెరిస్తే ఏదీ రాదు. మొత్తంగా చూస్తే ఒక చోట నుంచి ఇంకో చోటికి మోయడానికి పెన్‌డ్రైవ్ మంచిదే, ఏళ్ల తరబడి దాచడానికి పనికిరాదు. స్టూడియోవాళ్లు ఇచ్చిన వారంలోనే అందులోది హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించేస్తే సరి. ఎస్ఎస్‌డీ రోజూ వాడే కంప్యూటర్‌లో ఉండాల్సిన వస్తువు, అటకెక్కించాల్సింది కాదు.

ఎండ తర్వాత చెమ్మ. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీర ఊళ్లలో పాత వీహెచ్ఎస్ క్యాసెట్ల కిటికీలోంచి చూస్తే టేపు చుట్ట మీద తెల్లటి బూజు కనిపించడం మామూలే. ఆ టేపును అలాగే ప్లేయర్‌లో పెడితే బూజు హెడ్‌లకు అంటుకుని తర్వాత పెట్టే మంచి టేపులను కూడా పాడుచేస్తుంది. హార్డ్‌డిస్క్‌ల కనెక్టర్లు చిలుమెక్కేదీ ఈ ఉప్పుగాలికే. గాలి చొరబడని డబ్బా, అందులో నాలుగు సిలికా జెల్ పొట్లాలు, ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే గది. వీటికి పెద్ద ఖర్చేమీ లేదు గానీ, ఏ బ్రాండ్ డిస్క్ కొనాలన్న చర్చ కంటే ఇవే ఎక్కువ పనిచేస్తాయి.

తిరిగే డిస్క్

ఇంటి బ్యాకప్‌కు ఈరోజుకీ సరైనది పాత పద్ధతి హార్డ్‌డిస్కే. గిగాబైట్‌కు పడే ధరలో దానికి పోటీ తక్కువ, ఏ కంప్యూటర్‌కైనా తగిలించవచ్చు, నింపడానికి గంటలు చాలు. అయస్కాంతపు రాత కరెంటు లేకపోయినా ఏళ్ల తరబడి చెక్కుచెదరదు. చెడిపోయేది ఎక్కువగా ఆ రాత కాదు, దాని చుట్టూ ఉన్న యంత్రం. నిమిషానికి 5,400 సార్లో 7,200 సార్లో తిరిగే పళ్లేలు, వాటి మీద వెంట్రుక మందం కంటే ఎన్నో రెట్లు తక్కువ ఎత్తులో తేలే హెడ్‌లు, బేరింగ్‌లో ద్రవం, కింద చిన్న సర్క్యూట్ బోర్డు. వీటిలో ఏది మొరాయించినా రాత లోపలే ఉంటుంది, మనకు అందదు.

బ్యాక్‌బ్లేజ్ అనే క్లౌడ్ బ్యాకప్ కంపెనీ తన డేటా సెంటర్లలో నడిచే లక్షల డిస్కుల్లో ఎన్ని చెడుతున్నాయో 2013 నుంచి బయటపెడుతోంది. ఈమధ్య ఏళ్లలో ఆ లెక్క ఏడాదికి నూటికి ఒకటి, రెండు మధ్య ఆడుతోంది. ఏసీ గదిలో ఆపకుండా నడిచే డిస్కుల లెక్క అది. అటక మీద నిద్రపోయే డిస్క్‌కు అది వర్తించదు, వాడకపోతే మన్నుతుందిలే అనుకోవడమూ పొరపాటే. ఐరన్ మౌంటెన్ అనే నిల్వ సంస్థ 2024లో చెప్పిన మాట ఇక్కడ గుర్తుపెట్టుకోదగ్గది. సంగీత కంపెనీలు 1990ల నాటి హార్డ్‌డిస్కులను తెరిచిపెట్టమని పంపితే, దాదాపు అయిదింట ఒకటి చదవడానికి లొంగడం లేదట. సరైన ఉష్ణోగ్రతలో, పద్ధతిగా దాచిన డిస్కులు అవి.

అందుకే ఒక డిస్క్‌ను నమ్మకూడదు, రెంటిని నమ్మవచ్చు. లెక్క తేలిక. ఏడాదిలో ఒక డిస్క్ పోయే అవకాశం నూటికి రెండు అనుకుంటే, రెండూ ఒకే ఏడాది పోయే అవకాశం పదివేలకు నాలుగు. అయితే ఈ లెక్క నిలవాలంటే ఆ రెంటి తలరాతలు వేరుగా ఉండాలి. ఒకే రోజు, ఒకే షాపులో, ఒకే మోడల్ జత కొని, ఒకే బీరువాలో ఒకదాని మీద ఒకటి పెట్టేస్తే అవి లెక్కకు రెండు, కష్టానికి ఒకటే. తయారీలో లోపం ఉంటే రెంటిలోనూ ఉంటుంది. దొంగ ఒకటి వదిలి ఒకటి పట్టుకెళ్లడు. వరద నీళ్లు పై అరను మర్యాదగా వదిలేయవు. రెండు వేర్వేరు కంపెనీలవి కొని, ఒకటి వేరే ఊళ్లో ఉంచాలి. తెలుగు కుటుంబాలకు ఈ రెండోది కష్టమేమీ కాదు. కొడుకు హైదరాబాద్‌లోనో కూతురు డల్లాస్‌లోనో ఉంటారు, ఏడాదికోసారైనా రాకపోకలు ఉంటాయి. పచ్చళ్ల డబ్బాతో పాటు సూట్‌కేసులో ఒక డిస్క్ పడుతుంది.

హార్డ్‌డిస్క్‌కు అయిదేళ్లు గడువు పెట్టుకోవడం మంచిది. అయిదేళ్లకు పోతుందని కాదు. ఆ లోపు కొత్త డిస్క్ అదే ధరకు ఎక్కువ పట్టేది దొరుకుతుంది, కనెక్టర్ మారి ఉంటుంది, పాతదాన్ని చదివే వీలు ఇంకా ఉంటుంది. ఐడీఈ అనే పాత రకం కేబుల్‌తో పనిచేసే 2002 నాటి డిస్క్ ఇంట్లో ఉన్నవాళ్లకు ఈ మాట ఎంత నిజమో తెలుసు. డిస్క్ బాగానే ఉంటుంది, తగిలించడానికి చోటు ఉండదు.

వెయ్యేళ్ల డిస్కులు

సీడీల కాలం గుర్తున్నవాళ్లకు వాటి మీద నమ్మకం పోవడానికి కారణం ఉంది. ఇంట్లో రాసుకునే సీడీలో రాతను పట్టుకునేది ఒక సేంద్రియ రంగుపొర. ఎండ తగిలినా, ఏళ్లు గడిచినా అది వెలుస్తుంది. పైగా సీడీలో ఆ పొర అడుగున కాదు, లేబుల్ వైపున పల్చటి పూత కిందే ఉంటుంది. వధూవరుల ఫొటో అచ్చువేసిన గుండ్రటి స్టిక్కర్ అంటించి ఇచ్చిన పెళ్లి సీడీలు ముందుగా పోవడానికి అదీ ఒక కారణం. జిగురు ఆ పూతను తింటుంది, స్టిక్కర్ ముడుచుకుని డిస్క్‌ను వంచుతుంది. డీవీడీలో డేటా పొర రెండు ప్లాస్టిక్ బిళ్లల మధ్య ఉంటుంది కాబట్టి కొంత నయం.

డీవీడీ తర్వాతి తరమైన బ్లూ-రే వచ్చాక పరిస్థితి నిజంగానే మెరుగుపడింది. మామూలు బ్లూ-రే రికార్డబుల్ డిస్కుల్లో సేంద్రియ రంగుకు బదులు లోహ మిశ్రమాల లాంటి అకర్బన పదార్థం వాడతారు. ఎల్‌టీహెచ్ అని రాసి ఉండే చవక రకంలో మళ్లీ పాత రంగే ఉంటుంది, దాన్ని కొనకపోవడం మేలు. ఇదే దారిలో ఇంకా ముందుకెళ్లింది ఎం-డిస్క్. రాయి లాంటి పొరలో లేజర్‌తో శాశ్వతమైన గుంటలు చేస్తుందని, వెయ్యేళ్లు ఉంటుందని ప్రచారం చేశారు. వెయ్యేళ్లు ఎవరూ చూడలేదు గానీ, సేంద్రియ రంగు లేకపోవడం మాత్రం గట్టి కారణమే. దాన్ని తెచ్చిన మిలెనియాటా అనే కంపెనీ 2016లో దివాలా తీసింది. వెయ్యేళ్ల డిస్క్ తయారుచేసిన కంపెనీ తాను ఎంతో కాలం నిలవలేదు. పేటెంట్లు చేతులు మారి డిస్కులు తర్వాత కూడా వచ్చాయనుకోండి, అది వేరే సంగతి.

అసలు చిక్కు మార్కెట్‌ది. పానసోనిక్ 2023లో, సోనీ 2025 ఫిబ్రవరిలో రికార్డబుల్ బ్లూ-రే డిస్కుల తయారీ ఆపేశాయి. ల్యాప్‌టాప్‌లలో డిస్క్ అర మాయమై చాలా కాలమైంది. యూఎస్‌బీతో తగిలించే రైటర్ ఇంకా దొరుకుతోంది. ఇంకో ఇరవై ఏళ్లకు దొరుకుతుందని పందెం కాయడం కష్టం. పైగా 1 టెరాబైట్ దాచాలంటే 25 గిగాబైట్ల డిస్కులు నలభై కావాలి. నలభై డిస్కులు కూర్చుని రాసేవాళ్లు మొదటి వారాంతానికి ఐదు రాసి ఆపేస్తారు.

అలాగని పూర్తిగా కొట్టిపారేయడానికీ లేదు. ఒకసారి రాస్తే మళ్లీ చెరపడానికి వీల్లేకపోవడం ఆప్టికల్ డిస్క్‌కు ఉన్న పెద్ద గుణం. డబ్బు గుంజడానికి వచ్చే రాన్సమ్‌వేర్ అనే వైరస్ కంప్యూటర్‌లోని ఫైళ్లకు తాళం వేసినప్పుడు, దానికి తగిలించి ఉన్న హార్డ్‌డిస్క్‌కు కూడా వేస్తుంది. బ్లూ-రే డిస్క్‌ను ఏమీ చేయలేదు. ఇంట్లో నిజంగా మళ్లీ దొరకనివి, అంటే తాతల ఫొటోల స్కాన్లు, దస్తావేజులు, నాన్న గొంతు ఉన్న ఒక రికార్డింగ్, ఇవన్నీ కలిపి చూస్తే చాలా ఇళ్లలో 50 గిగాబైట్లు దాటవు. వాటికి రెండు మూడు బ్లూ-రే డిస్కులు అదనపు ప్రతిగా పెట్టుకోవడం తెలివైన పనే. అదనపు ప్రతిగా మాత్రమే.

టేపు ఎందుకు చావలేదు

మాగ్నెటిక్ టేపు పోయిందనుకునేవాళ్లు పెద్ద డేటా సెంటర్ల వెనక గదులు చూడరు. 2011 ఫిబ్రవరిలో ఒక సాఫ్ట్‌వేర్ లోపం వల్ల కొంతమంది జీమెయిల్ పెట్టెలు ఖాళీ అయ్యాయి. గూగుల్ ఒక్కో మెయిల్‌కూ పలు డేటా సెంటర్లలో ప్రతులు ఉంచుతుంది. లోపం ఆ ప్రతులన్నిటికీ పాకింది. చివరికి వాటిని తిరిగి తెచ్చింది టేపుల నుంచే. ఆ రోజు టేపును కాపాడిన గుణం ఒకటే, అది ఏ కంప్యూటర్‌కూ తగిలించకుండా పక్కన ఉండటం.

ఇప్పుడు ఈ రంగంలో నడుస్తున్న ప్రమాణం ఎల్‌టీఓ. 2000లో మొదటి తరం వచ్చినప్పుడు ఒక క్యాసెట్ 100 గిగాబైట్లు పట్టేది. 2021లో వచ్చిన తొమ్మిదో తరం 18 టెరాబైట్లు, 2025లో వచ్చిన పదో తరం 30 టెరాబైట్లు. డబ్బా మీద దీనికి రెండున్నర రెట్లు పెద్ద అంకె కనిపిస్తుంది. అది డేటాను కుదించి రాస్తే పట్టే లెక్క. ఫొటోలు, వీడియోలు ముందే కుదించి ఉంటాయి కాబట్టి ఆ పెద్ద అంకెను మరచిపోవచ్చు. క్యాసెట్ ధర వేలల్లో ఉంటుంది, దాన్ని చదివే డ్రైవ్ ధర లక్షల్లో. ఇంటికి లెక్క కుదరదు. వందల టెరాబైట్ల ఫుటేజ్ పోగుపడే సినిమా స్టూడియోలకు, టీవీ చానళ్లకు, పత్రికల ఆర్కైవ్‌లకు, యూనివర్సిటీ లైబ్రరీలకు ఇంతకన్నా చవకైన దారి లేదు.

దక్షిణ కొరియాలో జరిగింది చూడండి. 2025 సెప్టెంబర్ 26న దెజాన్ నగరంలోని ప్రభుత్వ డేటా సెంటర్‌లో లిథియం బ్యాటరీల నుంచి మంటలు లేచాయి. ప్రభుత్వ ఉద్యోగులు తమ పని ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్ అనే వ్యవస్థ మొత్తం కాలిపోయింది. అందులో ఉన్నది దాదాపు 858 టెరాబైట్లు. దానికి బయట ఎక్కడా రెండో ప్రతి లేదు. కారణంగా చెప్పిన మాట, పరిమాణం చాలా పెద్దది కాబట్టి బ్యాకప్ పెట్టలేకపోయారని. ఎల్‌టీఓ తొమ్మిదో తరం టేపుల్లో ఆ 858 టెరాబైట్లకు కావాల్సింది 48 క్యాసెట్లు. అరచేతిలో పట్టే క్యాసెట్లు, ఒక బీరువా అరలో సర్దవచ్చు. రోజూ మారే ఫైళ్లకు టేపు ఎక్కించడం అంత సులువు కాదన్నది నిజమే. వారం కిందటి ప్రతి ఉన్నా ఏళ్ల తరబడి పోగైన పనిలో పోయేది ఒక్క వారమే.

టేపుకు ముప్పై ఏళ్ల ఆయుష్షు ఉంటుందని తయారీదారులు చెబుతారు, సరిగ్గా దాస్తే అది నమ్మదగ్గ మాటే. అయితే ఇక్కడా రాగిరేకు కథే. ఎల్‌టీఓ ఏడో తరం వరకు ఒక డ్రైవ్ తన కంటే రెండు తరాల వెనకటి టేపును చదివేది. ఎనిమిది, తొమ్మిది తరాల డ్రైవ్‌లు ఒక్క తరం వెనకటిదే చదువుతాయి. పదో తరం డ్రైవ్ వెనకటి టేపు దేన్నీ చదవదు. టేపుకు ముప్పై ఏళ్లు రాసిపెట్టి ఉంటే, దాన్ని చదివే కొత్త డ్రైవ్ దొరికేది అందులో మూడో వంతు కాలం.

నాసా చంద్రుడి చుట్టూ 1966, 67లలో తిప్పిన లూనార్ ఆర్బిటర్ నౌకల ఫొటోలున్న టేపులు దాదాపు 1,500 ఉండేవి. టేపులు బాగానే మిగిలాయి. వాటిని చదివే, ఫ్రిజ్ అంత సైజున్న ఆంపెక్స్ యంత్రాలు మాత్రం ప్రపంచంలో దాదాపుగా లేవు. నాసాలో పనిచేసిన ఒక మహిళ పారేయడానికి మనసొప్పక నాలుగు పాత యంత్రాలను ఏళ్ల తరబడి తన గ్యారేజీలో పెట్టుకుని ఉండబట్టి, 2008లో వాటిని బాగుచేసి టేపులు చదవగలిగారు. ఆ పని జరిగింది కాలిఫోర్నియాలో, మూతపడిన ఒక మెక్‌డొనాల్డ్స్ షాపు భవనంలో. ఆ గ్యారేజీ లేకపోతే 1,500 టేపులూ ప్లాస్టిక్ చుట్టలే.

క్లౌడ్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. అది వేరే రకం డిస్క్ కాదు, ఇంకొకరి హార్డ్‌డిస్కులు, ఇంకొకరి టేపులు, మధ్యలో నెలవారీ బిల్లు. ఇల్లు కాలినా, బీరువా పోయినా మిగిలేది అదే కాబట్టి మూడో ప్రతిగా దానికి సాటి లేదు. రెండు సంగతులు మాత్రం తెలిసి ఉండాలి. ఫోన్‌లో ఫొటో తీసేస్తే క్లౌడ్‌లోనూ పోయే ఏర్పాటు బ్యాకప్ కాదు, అద్దం. గూగుల్ ఫొటోస్‌లో అలా పోయింది చెత్తబుట్టలో 60 రోజులు మాత్రమే ఉంటుంది. ఇక షరతులు వాళ్ల చేతిలో ఉంటాయి. 2021 జూన్ 1 నుంచి అపరిమిత ఉచిత నిల్వ ఆగిపోయింది. 2023 డిసెంబర్ నుంచి రెండేళ్లు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించే విధానం వచ్చింది. ఖాతా నాన్న పేరున ఉండి, ఆయన పోయాక పాస్‌వర్డ్ ఎవరికీ తెలియకపోతే జరిగేది ఇదే. తన తర్వాత ఖాతా ఎవరికి అందాలో ముందే చెప్పుకునే వీలు గూగుల్ ఖాతాలోనూ ఆపిల్ ఖాతాలోనూ ఉంది. పది నిమిషాల పని అది, చేసేవాళ్లు తక్కువ.

తెరిచాక చదవగలమా

తెలుగువాళ్లకు ఈ విషయంలో సొంత అనుభవం ఒకటుంది, దాన్ని బ్యాకప్ చర్చల్లో ఎవరూ ఎత్తరు. 1990ల నుంచి ఇరవై ఏళ్ల పాటు తెలుగులో అచ్చయిన పుస్తకాలు, చిన్న పత్రికలు, శుభలేఖలు, కరపత్రాలు ఎక్కువగా పేజీలు కూర్చే పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో అను, శ్రీలిపి లాంటి ఫాంట్లతో తయారైనవే. ఆ ఫైళ్లలో ఉన్నది నిజానికి తెలుగు కాదు. ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల సంకేతాలు ఉంటాయి, వాటి మీద తెలుగు ఆకారాల ముసుగు ఉంటుంది. ఫాంట్ ఉన్నంతసేపూ తెలుగు, లేకపోతే గజిబిజి. అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి సంకేతాలిచ్చే యూనికోడ్‌లోకి తెలుగు 1991లోనే వచ్చింది. డీటీపీ సెంటర్లు దానికి మారడానికి చాలా ఏళ్లు పట్టింది. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001లో వచ్చింది, తర్వాత అడోబీ దాన్ని వదిలేసి ఇన్‌డిజైన్ మీద పడింది.

ఇప్పుడు ఒక రచయిత దగ్గర ఇరవై ఏళ్ల కిందటి సీడీ ఉంది, అదృష్టం బాగుండి అది చదవబడింది కూడా. అయినా లోపలి నవల తెరుచుకోదు. తెరిచినా సరైన ఫాంట్, అదీ సరైన వెర్షన్, ఉండాలి. యూనికోడ్‌లోకి మార్చే పనిముట్లు ఉన్నాయి గానీ ఒత్తులు తారుమారవుతాయి, అరసున్నలు ఎగిరిపోతాయి, అచ్చుతప్పులు దిద్దడం కొత్తగా టైపు చేసినంత పనవుతుంది. ఇదే ఆ నవల పీడీఎఫ్ ఒకటి, యూనికోడ్ పాఠం ఒకటి అప్పుడే పక్కన పెట్టుకుని ఉంటే ఇంత టెన్షన్ ఉండేది కాదు. ఏ ఒక్క కంపెనీ సాఫ్ట్‌వేర్‌కూ కట్టుబడని రూపాలు, అంటే మామూలు పాఠం, పీడీఎఫ్, జేపీఈజీ, టిఫ్ లాంటివి, ఎక్కువ కాలం తెరుచుకుంటాయి. అసలు ఫైలును పారేయాలని కాదు, దాని పక్కన వీటినీ ఉంచాలి.

ఇంకా కనపడని చెడు ఒకటుంది. డిస్క్ బాగానే ఉంటుంది, ఫైలు పేరు ఉంటుంది, లోపల కొన్ని బిట్లు మారిపోయి ఫొటో సగం నుంచి బూడిదరంగు చార అయిపోతుంది. ఎవరూ చూడకుండా దాన్ని కొత్త డిస్క్‌లోకి కాపీ చేస్తే చెడు కూడా భద్రంగా కాపీ అవుతుంది. తాళపత్రాలు ఎత్తిరాసే లేఖకులు చివర్లో ఒక శ్లోకం రాసేవారు: యాదృశం పుస్తకం దృష్ట్వా తాదృశం లిఖితం మయా. చూసింది చూసినట్టు రాశాను, తప్పొప్పులతో నాకు సంబంధం లేదని దాని భావం. కంప్యూటర్ కాపీ చేసే తీరు అచ్చం అదే. ఆ రోజుల్లో తప్పు పట్టుకోవాలంటే నాలుగు ప్రతులు ముందేసుకుని పాఠాంతరాలు పోల్చాలి. బ్రౌన్ దొర కడపలో పండితులను పెట్టి చేయించింది ఆ పనే. ఇప్పుడు ఆ పనిని చెక్‌సమ్ అనే చిన్న లెక్క చేస్తుంది. ఫైలు మొత్తం నుంచి ఒక పొడవాటి సంఖ్య తయారుచేస్తుంది. ఒక్క బిట్ మారినా సంఖ్య మారిపోతుంది. డిస్క్ నింపిన రోజున అన్ని ఫైళ్లకూ ఆ సంఖ్యల జాబితా చేసి పక్కన పెట్టుకుంటే, ఏడాది తర్వాత మళ్లీ లెక్కించి ఏది మారిందో నిమిషాల్లో తెలుసుకోవచ్చు. ఉచిత సాఫ్ట్‌వేర్‌లు బోలెడు ఉన్నాయి. మారినదాన్ని రెండో డిస్క్‌లోని మంచి ప్రతితో సరిచేసుకోవచ్చు. రెండో ప్రతి అవసరం అసలు తెలిసేది అప్పుడే.

ప్రతులు పెంచడం ఎంత పనిచేస్తుందో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా చూపించింది. ఐఐఐటీ హైదరాబాద్ లాంటి సంస్థలు పాలుపంచుకున్న ఆ ప్రాజెక్టులో వేల తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి, మళ్లీ అచ్చు కానివి అందులో ఎన్నో. ఆ వెబ్‌సైట్ తర్వాత మూతపడింది. అప్పటికే ఆ పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి ఎక్కి ఉండటంతో ఈరోజుకీ వాటిని చదవగలుగుతున్నాం.

ఇంటి లెక్కకు వస్తే ముందు ఏరివేత. ఫోన్‌లో ఉన్న నలభై వేల బొమ్మల్లో గుడ్ మార్నింగ్ పూలు, ఫార్వర్డ్ వీడియోలు తీసేస్తే దాచాల్సింది చాలాసార్లు సగానికి సగం తగ్గుతుంది. మిగిలింది 1, 2 టెరాబైట్లయితే రెండు వేర్వేరు కంపెనీల హార్డ్‌డిస్కులు, ఒకటి ఇంట్లో, ఒకటి వేరే ఊళ్లో. మళ్లీ దొరకనివాటికి క్లౌడ్‌లో ఒక ప్రతి, ఓపిక ఉంటే బ్లూ-రేలో ఇంకొకటి. ముఖ్యమైన పాతిక ఫొటోలు మంచి కాగితం మీద ప్రింట్ వేయించి ఆల్బమ్‌లో పెట్టడం పాతకాలపు పనిలా కనిపిస్తుంది గానీ, దాన్ని చదవడానికి కళ్లు చాలు. పరీక్షించడానికి ఒక రోజు పెట్టుకోవాలి, పెట్టుకోకపోతే ఎవరూ చేయరు. దసరా ఆయుధపూజ నాడు కంప్యూటర్‌కు బొట్టు పెట్టే ఇళ్లలో ఆ రోజే బీరువాలోని డిస్క్‌ను కూడా బయటికి తీసి, తగిలించి, చెక్‌సమ్ నడిపించవచ్చు.

డిస్క్ డబ్బాలో ఒక కాగితం కూడా ఉండాలి, పెన్‌తో రాసింది. కొన్న తేదీ, లోపల ఏమున్నాయో నాలుగు ముక్కలు, చివరిసారి పరీక్షించిన రోజు, మార్చాల్సిన ఏడాది, రెండో డిస్క్ ఎవరి దగ్గరుందో వాళ్ల పేరు. తాళం వేసిన డిస్క్ అయితే పాస్‌వర్డ్ ఎక్కడ దొరుకుతుందో కూడా. అది ఇంట్లో ఇంకొకరికి అర్థమయ్యే చేతిరాతలో ఉండాలి, ఎందుకంటే ఆ డబ్బా తెరిచేది దాచినవాళ్లే కానక్కర్లేదు.